వలస మీద ప్రశ్నలు రాసేటప్పుడు కార్యకర్తను కూర్చోబెట్టండి

అందరికీ నమస్కారం.

విశాఖ దగ్గర గాజువాక, పరవాడ, అచ్యుతాపురం వైపు వెళితే ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి పనికొచ్చినవాళ్లు అడుగడుగునా కనిపిస్తారు. మన శ్రీకాకుళం మత్స్యకారులేమో గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్లెక్కుతారు. ఇలా కొత్త ఊరు చేరినవాళ్లకు గది, రేషన్, పిల్లల బడి, ఆసుపత్రి చూసిపెట్టే కార్యకర్తలు ఉంటారు. కెనడాలో వీళ్లని సెటిల్‌మెంట్ వర్కర్లంటారు, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో పనిచేస్తారు. పరిశోధకులు వీళ్ల దగ్గరికొచ్చి, "నలుగురు కూలీలతో మాట్లాడించండి" అని అడుగుతారు. వాళ్లని ఏం అడగాలో మాత్రం వీళ్లతో చర్చించరు. నా బాధంతా అక్కడే.

ఇటుక బట్టీల సంగతి చూడండి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా కుటుంబాలు నువాఖాయి పండుగ రోజుల్లో సర్దార్ దగ్గర, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర, అడ్వాన్సు తీసుకుంటాయి. కోతలయ్యాక బట్టీలకొచ్చి, వానలు పడేలోపు వెళ్లిపోతాయి. జులైలో సర్వేకి వెళితే అక్కడెవరుంటారు? అడ్వాన్సు మగమనిషి పేరు మీద, కూలి వెయ్యి ఇటుకలకింత అని. మట్టి పిసికేది, ఇటుక తిరగేసి ఆరబెట్టేది ఆడమనిషి కూడా. 2011 జనగణనలో ఒక్కో మనిషి వలసకు ఒక్క కారణమే రాశారు. "కుటుంబంతో పాటు వచ్చింది" అని పడిందంటే, పనికోసం వచ్చిన మనిషిగా ఆమె ఇక లెక్కలోకి రాదు. ఆమె చేతులు రోజూ చూసే కార్యకర్తను ముందే అడిగుంటే ఆ ప్రశ్నే వేరేలా ఉండేది.

రేషన్ కూడా అంతే. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు వచ్చాక ఒడిశా కార్డుతో ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. మంచి పథకం, నేను కాదనను. కానీ సిమెంటు పనిచేసేవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి. మెషిన్ మీద ఒకసారి, తుడిచి ఇంకోసారి, ఇంకో వేలు. చివరికి ఖాళీ సంచితో వెనక్కి. పథకం గొప్పగా చెప్పుకునేది బియ్యం అందినవాళ్ల లెక్కే.

కెనడాలోనూ ఇదే జరుగుతోంది. అక్కడ ఫెడరల్ నిధులతో నడిచే సేవలు ప్రధానంగా పర్మినెంట్ రెసిడెంట్లకు (శాశ్వతంగా ఉండే అనుమతి ఉన్నవాళ్లకు), శరణు పొందినవాళ్లకు. విశాఖ నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లిన మన పిల్లలు చాలావరకు అందులోకి రారు. అద్దె గొడవతోనో, జీతం ఎగ్గొట్టారనో టెన్షన్ పడుతూ వస్తే కార్యకర్త మనసున్నా పూర్తిగా ఆదుకోలేదు. నిధులిచ్చేవాళ్లకు పంపే నివేదికలో ఆ పిల్లలు ఎక్కడా ఉండరు. అందుకే సేవలందించే ప్రతి సంస్థా ఎవరిని, ఎందుకు వెనక్కి పంపామో కూడా రాసిపెట్టాలని నా గట్టి నమ్మకం. వలస పరిశోధనకు అంతకంటే విలువైన సమాచారం ఇంకోటి నాకు తెలీదు. ఆచరణ మారాలన్నా అక్కణ్నుంచే మొదలవ్వాలి.

కార్యకర్తకు అన్నీ తెలుసని నేననడం లేదు. అసలు ఆఫీసు గడపే తొక్కనివాళ్లు ఆమెకీ కనపడరు. వాళ్లను వెతకడానికే పరిశోధకులు కావాలి. ఇద్దరూ కలిసి ప్రశ్నలు రాసుకోవాలి. ఆ గంటలకు ఆమెకు డబ్బివ్వాలి, వ్యాసం మీద ఆమె పేరు ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బట్టీలో ఒకమ్మాయి నమ్మి చెప్పుకున్న మాట ఆమెను గుర్తుపట్టేలా ఏ రిపోర్టులోకీ వెళ్లకూడదు. అది సర్దార్ చెవిన పడితే వచ్చే సీజన్‌కి ఆ ఇంట్లో ఎవరికీ పని ఉండదు.