పరీక్ష గదికి బయట కనిపించేది

సభలో ఉన్న వైద్యులకు, ఆరోగ్య సిబ్బందికి, తోటి తల్లిదండ్రులకు నమస్కారం.

మా అబ్బాయిని మొదటిసారి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లిన రోజు మూడు గంటలు వరుసలో కూర్చున్నాం. ఆ మూడు గంటల్లో వాడు బెంచీ కింద దూరాడు, పక్కనున్న పెద్దాయన చేతికర్ర లాక్కున్నాడు, గోడమీది నోటీసు అంచును గోటితో గీకి గీకి సగం ఊడదీశాడు. చుట్టూ ఉన్నవాళ్లు వాణ్ని వదిలేసి నన్ను చూశారు. తీరా లోపలికి పిలిచాక, కొత్త గది, కొత్త మనిషి, బల్లమీద స్టెతస్కోపు కనిపించేసరికి, కుదురుగా కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. పది నిమిషాలయ్యాక, ‘పిల్లవాడు బాగానే ఉన్నాడమ్మా, మీరే కాస్త ఓపిక పట్టాలి’ అన్నారు డాక్టరు. వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, ఆగలేని తొందర కనిపించే సమస్య, ఉందని మరో డాక్టరు నిర్ధారించడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

ఆ మొదటి డాక్టరును తప్పుపట్టాలని ఇది చెప్పడం లేదు. కొత్త చోట, ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని తనతోనే మాట్లాడుతున్నప్పుడు ఈ లక్షణాలు చాలా తగ్గిపోవచ్చని, 2013లో వెలువడిన డీఎస్‌ఎం-5 వైద్య ప్రమాణ గ్రంథమే చెబుతోంది. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా కొనసాగుతుండాలి, ఇల్లు, బడి వంటి రెండు లేదా అంతకు మించిన చోట్ల కనిపించాలి. ఇవన్నీ తెలిసేది తల్లిదండ్రుల నోట, టీచరు నోట మాత్రమే కనుక, మా మాట వినడాన్ని మర్యాదగా కాక, పరీక్షలోనే ముఖ్యభాగంగా చూడమని కోరుతున్నాను. అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ పాఠం జారవిడుచుకునే ఆడపిల్లల విషయంలో ఇది మరీ అవసరం. వాళ్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

దీనికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం మరొకటి ఉంది. ఏడీహెచ్‌డీ బలంగా వంశపారంపర్యంగా వచ్చేది. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇందులో జన్యువుల వాటాను 70 నుంచి 80 శాతంగా లెక్కగట్టాయి. అంటే, ఫారాలు నింపి, తేదీ గుర్తుపెట్టుకుని, కాగితాలన్నీ సర్దుకుని వేళకు రావాలని మీరు ఆశించే తల్లిదండ్రుల్లో కొందరికి సరిగ్గా ఆ పనులే కష్టం. మావారు రిఫరల్ చీటీని రెండుసార్లు పోగొట్టారు. రెండోసారి, మేం మళ్లీ మొదటినుంచి రావాలన్నారు. వరుసగా రెండు తేదీలు తప్పితే ఫైలు మూసేసే పద్ధతి ఈ కుటుంబాలకు వర్తిస్తే, సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ముందుగా జారిపోతారు. ముందురోజు ఒక ఫోను చేసినా అందులో కొంత ఆగుతుంది.

మందు దగ్గరా ఇదే చిక్కు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ చాలా మంది పిల్లలకు పనిచేస్తుంది, కానీ ఆకలి తగ్గవచ్చు, నిద్ర ఆలస్యం కావచ్చు. అందుకే ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు క్రమంగా చూడాలి. అది నియంత్రిత మందు కావడం వల్ల చీటీ లేనిదే ఇవ్వరు. మాకు ఒక తేదీ తప్పినప్పుడు మాత్రలు అయిపోయి, బడిలో రెండు వారాలు వాడు పడిన అవస్థ నేను చూశాను. ఇక ఐదారేళ్లలోపు పిల్లలకు మందుకంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలన్నది వైద్య మార్గదర్శకాల మాట. ఆ వయసులో మాకు దొరికింది మందలింపు.

చివరికి నిర్ధారించిన డాక్టరు వాణ్ని వెంటనే లోపలికి పిలవలేదు. తలుపు దగ్గర నిలబడి, వరుసలో వాడు చేస్తున్నదంతా ఐదు నిమిషాలు చూశారు. తరువాత నేను రాసి ఉంచిన నోటుపుస్తకం తీసుకుని, వాడు స్టూలు మీద గిరగిరా తిరుగుతుండగానే, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.