ధర్నా దగ్గర తీసిన వీడియో సాక్ష్యంగా నిలబడాలంటే

నమస్కారం. ధర్నాలో మీరు ఫోన్‌తో తీసిన వీడియోను అక్కడ లేని మనిషి కూడా సరిచూసుకోగలగాలి. ఇది ఎక్కడిది, ఎప్పటిది అని అడిగితే వీడియోనే జవాబు చెప్పాలి. హైదరాబాద్ ఇందిరాపార్క్ ధర్నాచౌక్‌కు వెళ్తున్నామనుకుని మొదలుపెడదాం.

ఇంట్లోనే చేసుకోవాల్సిన పని కొంత ఉంది. ఫోన్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడండి. వీడియో 1080పీ, సెకనుకు 30 ఫ్రేములు చాలు. ఫోన్‌ను బట్టి నిమిషానికి 60 నుంచి 130 ఎంబీ అవుతుంది. 4కే పెడితే రెండు మూడు రెట్లు, సగంలోనే మెమరీ నిండిపోతుంది. వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. ఫోన్ లాక్కున్నవాళ్లు మీ వేలు పట్టుకుని తెరవడం చాలా తేలిక.

ఇక షూటింగ్. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. మొదటి పది సెకన్లు చోటు చూపించండి: పార్కు గేటు, షాపు బోర్డు. ర్యాలీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు కదిలితే మెట్రో పిల్లర్ నంబర్‌ను మించిన గుర్తు లేదు. అక్కడి నుంచి ఆపకుండా, మెల్లగా జనం వైపు తిప్పండి. చోటు, తేదీ, సమయం ఒక్కసారి నోటితో చెప్పి, ఆ తర్వాత మాట్లాడకండి. మీ వ్యాఖ్యానం కింద నినాదాలు, పోలీసుల హెచ్చరికలు వినపడకుండా పోతాయి.

తోపులాట మొదలైతే రికార్డింగ్ అస్సలు ఆపొద్దు. ముక్కలుగా తీస్తే, లాఠీ లేచే ముందు ఏం జరిగిందన్న ప్రశ్న దగ్గరే వీడియో చిక్కుకుంటుంది. బారికేడ్‌కూ గుంపుకూ మధ్యలో నిలబడకుండా ఓ పక్కకు, వెనక్కి వెళ్లే దారి ఉన్నచోట ఉండండి.

లైవ్ పెట్టాలా? మా సలహా, వద్దు. జనం పెరిగేకొద్దీ టవర్ మీద లోడ్ పెరిగి వీడియో ఆగిపోతుంది. పైగా లైవ్‌లో ఎవరి ముఖాన్నీ దాచలేరు. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నా వచ్చి కూర్చున్న మనిషి ముఖం మన వల్ల బయటపడకూడదు. గుంపుకు దూరంగా వచ్చాక యూట్యూబ్ స్టూడియోలో ముఖాలు బ్లర్ చేసి విడుదల చేయండి. ఫొటోలైతే నల్లటి పెట్టెతో కప్పేయండి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

అందరూ పొరబడేది ఒరిజినల్ ఫైలు దగ్గరే. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, లోపలి తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. అయితే లొకేషన్ కూడా దాంతోపాటే వెళ్తుంది కాబట్టి నమ్మకమైన ఒకరిద్దరికే. కటింగులు, బ్లర్‌లు కాపీ మీదే చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, వీడియోను కోర్టుకు సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు జతచేసే సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఒక్క సెకను కత్తిరించినా ఆ విలువ మారిపోతుంది. అందుకే ఆ రోజే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హాష్ తీసి రాసిపెట్టుకోండి.

పోస్టులో చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. 'వేలాది మంది' అని ఊహించి రాయకండి. వదులుగా నిలబడితే మనిషికి సుమారు 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర. వంద అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు రోడ్డు నిండితే వదులుగా 400 మంది, ఒత్తుగా దాదాపు 900. ఏ లెక్కన చెప్పారో కూడా పోస్టులోనే రాయండి.