మనసు తననుంచి తాను విడిపోవడం: డిసోసియేషన్ అంటే ఏమిటి?

(తెరపై: పాతకాలపు చిన్న దుకాణం బొమ్మ)

1887 జనవరి 17న, అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఆన్సెల్ బోర్న్ అనే సంచార క్రైస్తవ బోధకుడు బ్యాంకు నుంచి 551 డాలర్లు తీసుకుని, ఆ తరువాత ఎవరికీ కనిపించకుండా పోయారు. మార్చి 14 తెల్లవారుజామున, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నారిస్‌టౌన్‌లో ఒక మనిషి ఉలిక్కిపడి లేచి, తానెక్కడ ఉన్నానని ఇంటివారిని అడిగాడు. ఆయనే బోర్న్. అంతకు ఆరు వారాల ముందు ఎ.జె. బ్రౌన్ పేరుతో అక్కడ దుకాణం అద్దెకు తీసుకుని, మిఠాయిలూ పండ్లూ అమ్ముకుంటూ, ఇరుగుపొరుగుకు ఏ అనుమానమూ రాకుండా గడిపిన సంగతి ఆయనకు బొత్తిగా గుర్తు లేదు.

దీన్ని మతిమరుపు అని తేల్చేయవచ్చు. కానీ 1890లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ఆయనను హిప్నటైజ్ చేసినప్పుడు బ్రౌన్ మళ్ళీ మాట్లాడాడు. నారిస్‌టౌన్ రోజులను వివరంగా చెప్పాడు, బోర్న్ పేరు విన్నాను గాని ఆ మనిషిని కలిసినట్టు గుర్తు లేదన్నాడు, ఎదుట నిలిచిన బోర్న్ భార్యను ఎన్నడూ చూడలేదన్నాడు. అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు, దాన్ని చేరుకునే దారి మూసుకుపోయింది. డిసోసియేషన్‌కు అసలు అర్థం ఇదే: సాధారణంగా కలిసి నడిచే జ్ఞాపకం, భావోద్వేగం, శరీర స్పృహ, ‘నేను’ అనే ఎరుక ఒకదానితో ఒకటి సంబంధం తెగి విడివిడిగా పనిచేయడం. ఈ ఆలోచనకు 1889 నాటి తన పరిశోధనలో స్పష్టమైన రూపమిచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త పియెర్ జానే. బోర్న్, బ్రౌన్ అనే రెండు వ్యక్తిత్వాలనూ ఒకటి చేయాలని జేమ్స్ ప్రయత్నించారు గాని, అది సాధ్యపడలేదు.

(తెరపై: బస్సు కిటికీ పక్కన కూర్చున్న మనిషి)

ఇంత తీవ్రమైన స్థితి అరుదు. దిగవలసిన స్టాపు దాటిపోయాక ఉలిక్కిపడే పరధ్యానం దీనికే అతి పలుచని రూపం. నాకు మాత్రం ఏ శాస్త్ర పదం కన్నా ఈ తెలుగు మాటే విషయాన్ని బాగా పట్టి ఇస్తుందనిపిస్తుంది. ప్రమాదంలోనో దాడిలోనో చిక్కుకున్నవారు, జరుగుతున్నదంతా మరెవరికో జరుగుతున్నట్టు పక్కనుంచి చూశామని చెప్పడం ఇంకొంచెం గాఢమైన రూపం. భరించలేని బాధ నుంచి మనసు అప్పటికప్పుడు తనను తాను కాపాడుకునే మార్గమది. అయితే ఆపద తీరిన తరువాత కూడా అదే అలవాటుగా మిగిలితే, సొంత చేతులు పరాయివిగా, లోకం గాజుపలక అవతల ఉన్నట్టుగా తోస్తుంది. అది కేవలం అనుభూతి మాత్రమేనని ఆ మనిషికి తెలిసే ఉంటుంది. స్కిజోఫ్రీనియా (భ్రమలు కలిగించే తీవ్రమైన మానసిక వ్యాధి) అనే మాటకు గ్రీకు మూలంలో ‘చీలిన మనసు’ అని అర్థం ఉండటం వల్ల దాన్నీ డిసోసియేషన్‌నూ ఒకటిగా కలిపేస్తుంటారు గాని, అది వేరే వ్యాధి.

మరి జాతరలో వచ్చే పూనకం? ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా వ్యాధి వర్గీకరణ ప్రకారం, ఆ సమాజం అంగీకరించిన ఆచారంలో భాగమైనంతవరకు అది రుగ్మత కాదు. తాను కోరకుండానే మళ్ళీ మళ్ళీ వచ్చి, మనిషిని బాధపెడుతూ, ఇంటి పనికీ ఉద్యోగానికీ అడ్డుపడినప్పుడే వైద్యులు దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. అప్పుడు కూడా మూర్ఛ, మత్తుపదార్థాల ప్రభావం వంటి కారణాలు లేవని ముందుగా నిర్ధారించుకుంటారు.