సగం ఆమెది

పెద్దలకు, బంధువులకు, మా వీధి మగ్గాలవాళ్లందరికీ నమస్కారం. నాన్న దశదిన కర్మకు పని మానుకుని వచ్చారు. పెద్దకూతురిని కదా, నాలుగు మాటలు చెప్పమని మామయ్య అన్నారు.

నాన్న పద్నాలుగో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టారు. నలభై ఆరేళ్లు ఈ పోచంపల్లిలోనే, అదే గుంట. గుంట మగ్గం దగ్గర నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్లు మాత్రం కిందికి వేలాడుతుంటాయి. పక్కన నిలబడిన మూడేళ్ల పిల్ల ముఖానికి ఆయన ముఖం సరిసమానం. అందుకే చిన్నప్పుడు నాన్నను తల ఎత్తి చూసిన గుర్తు నాకు లేదు. ఏదైనా అడిగితే నాడె ఆపి, కళ్లలోకి చూసి జవాబు చెప్పేవారు. నేనూ తమ్ముడూ అక్షరాలు దిద్దింది ఆ గుంట పక్కన గచ్చు మీదే.

ఆయన కష్టం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. దారాలకు రబ్బరు పీలికలు బిగించి చిటికి కట్టడం, రంగులు అద్దడం, మళ్లీ విప్పడం, పడుగు ఎక్కించడం మీ అందరి ఇళ్లలోనూ ఉన్నదే. నేను చెప్పాలనుకున్నది వేరే.

చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి, దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టాలి. ఆ పని అమ్మది. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. చీరను మెచ్చుకునేవాళ్లకు మగ్గం మీది మనిషే కనిపిస్తాడు, ఆసు పోసిన చేయి కనిపించదు. ఇది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నాన్నకు ఆ చేయి కనిపించింది. రాత్రి అన్నం కలపడానికి అమ్మ కుడిచేయి లేవకపోతే ఆయనే ముద్దలు చేసి ఆమె కంచంలో పెట్టేవారు. మేము చూస్తున్నామని ఎప్పుడూ మొహమాటపడలేదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం తయారు చేశారని మనందరికీ తెలుసు. 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ యంత్రం కొనాలనుకున్న ఏడాది మా ఇంట్లో ఉన్నది పైకప్పు బాగు చేయించడానికి కూడబెట్టిన డబ్బే. నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు వెళ్లి యంత్రం తెచ్చారు. ఆ వానాకాలం కప్పు కారి గుంటలోకి నీళ్లు చేరాయి. తెల్లవారుజామున నాన్న డబ్బాతో నీళ్లు తోడుతుంటే అమ్మ పక్కన నిలబడి ఏడ్చింది. "నీళ్లు తోడితే పోతాయి, నీ భుజం నొప్పి తోడితే పోతుందా?" అన్నారు. అమ్మతో ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

షావుకారు చీర పట్టి చూసి బాగుందంటే నాన్న "సగం ఆమెది" అనేవారు. మర్యాదకు అన్న మాట కాదు. కూలి డబ్బు తెచ్చి ముందు అమ్మ చేతిలోనే పెట్టేవారు.

నా చదువుకు, తమ్ముడి చదువుకు ఎన్ని రాత్రులు నేశారో లెక్క తెలియదు. మేమిద్దరం మగ్గం ఎక్కలేదు. దానికి ఆయన బాధపడ్డారో సంతోషించారో అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. నాన్న పోయే ముందు వారం కూర్చుని రాబోయే పడుగు చిటికికి సైకిల్ ట్యూబు పీలికలు కోశారు. అన్నీ ఒకే వెడల్పు. కట్టలు కట్టి గూట్లో పెట్టారు. పది రోజులుగా అమ్మ వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నిన్న రాత్రి తనే దించి, దుమ్ము దులిపి, "ఊరికే ఉంచితే రబ్బరు పెళుసెక్కి తెగిపోతుంది. ఆయన కోసినవి పనికిరాకుండా పోకూడదు" అన్నది. కట్టలు వాకిట్లో బల్ల మీద ఉన్నాయి. భోజనం చేసి వెళ్లేటప్పుడు, చిటికి కట్టేవాళ్లు తలా ఒకటి తీసుకువెళ్లండి.