5 లక్షల పర్సనల్ లోన్ రివ్యూ: ఈఎంఐ ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు

అందరికీ నమస్కారం. పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్ చేసేవాళ్లు ముందుగా చెప్పేది ఈఎంఐ. ఈ రివ్యూలో మనం మాత్రం కేఎఫ్‌ఎస్‌తో, అంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌తో మొదలుపెడదాం. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరైన రిటైల్ టర్మ్ లోన్లన్నింటికీ, అది బ్యాంకైనా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయినా, ఒప్పందానికి ముందే ఈ కాగితం ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి కాబట్టి తెలుగులో కావాలని అడగండి. ఆలోచించుకోవడానికి కనీసం 3 పనిదినాలు ఉంటాయి. "ఈ సాయంత్రంలోపు చెప్పాలి సార్" అంటే కంగారుపడకండి.

మనం చూసే ఆఫర్: 5 లక్షలు, 14 శాతం వడ్డీ, 60 నెలలు. ఈఎంఐ 11,634 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 10,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,800. ఇవి పట్టుకుని మీ ఖాతాలో వేసేది 4,88,200. వడ్డీ మాత్రం పూర్తి 5 లక్షల మీద లెక్కేస్తారు. అందుకే కేఎఫ్‌ఎస్‌లో ఏపీఆర్ అనే అంకె వెతకండి. ఫీజులు కూడా కలిపి చూపే అసలు రేటు అదే. ఈ ఆఫర్‌లో అది 15 శాతం దాటుతుంది. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అంటగడితే ఇంకా పెరుగుతుంది. కేఎఫ్‌ఎస్‌లో లేని ఛార్జీని తర్వాత మీ అనుమతి లేకుండా వసూలు చేయకూడదు.

ఇంకొకరు వచ్చి "మా దగ్గర 9 శాతమే" అంటారు. ఫ్లాటా, రెడ్యూసింగా అని వెంటనే అడగండి. రెడ్యూసింగ్ అంటే మిగిలిన బాకీ మీదే వడ్డీ. ఫ్లాట్ అయితే అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం 5 లక్షల మీదే, ఐదేళ్లూ పడుతుంది: 2,25,000. ఈఎంఐ 12,083. 14 శాతం రెడ్యూసింగ్ కంటే ఈ 9 శాతమే ఖరీదు! రెండు ఆఫర్లనీ ఏపీఆర్‌తోనే పోల్చండి.

ఇప్పుడు ఈఎంఐ లోపల ఏముందో చూద్దాం. మొదటి నెల 11,634లో 5,833 వడ్డీకే పోతుంది. 12 ఈఎంఐలు కట్టాక, అంటే దాదాపు 1,39,600 కట్టాక, తగ్గిన అసలు 74 వేల చిల్లర. ఇంకా 4,25,700 పైనే బాకీ ఉంటుంది. వడ్డీ మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ కాబట్టి ముందుగా కట్టే రూపాయికే విలువ ఎక్కువ.

అదే లోన్ 36 నెలలకు పెట్టుకుంటే ఈఎంఐ 17,089. నెలకు 5,455 ఎక్కువే, కానీ మొత్తం వడ్డీ 1,98,000 నుంచి 1,15,200కి దిగుతుంది. ఇంటి ఖర్చులకు ఇబ్బంది రాదనుకుంటేనే ఇది ఎంచుకోండి. ఈఎంఐ బౌన్స్ అయితే పీనల్ ఛార్జీలు, మీ బ్యాంకు రిటర్న్ ఛార్జీ, పైగా క్రెడిట్ స్కోర్ దెబ్బ.

అందరికీ కుదిరే దారి పార్ట్ పేమెంట్. 12 ఈఎంఐల తర్వాత బోనస్‌తో ఒక లక్ష కట్టారనుకుందాం. అప్పుడు రెండు ఆప్షన్లు ఉంటాయి. ఈఎంఐ తగ్గించుకుంటే అది 8,901 అవుతుంది, ఆదా అయ్యే వడ్డీ సుమారు 31 వేలు. అదే ఈఎంఐ ఉంచి గడువు తగ్గించుకుంటే 48 నెలల బాకీ 35 నెలల్లోపే తీరుతుంది, ఆదా అయ్యే వడ్డీ దాదాపు 61 వేలు. కట్టేది అదే లక్ష, లాభం మాత్రం రెట్టింపు. వీలైతే గడువే తగ్గించమనండి.

ఇక్కడ చాలామందికి తేడా కొట్టేది ఒకటుంది. యాప్‌లో ఊరికే అదనంగా డబ్బు వేస్తే లోన్ ఇచ్చినవాళ్లు దాన్ని అడ్వాన్స్ ఈఎంఐగా పక్కన పెట్టే అవకాశం ఉంది, అప్పుడు అసలు బాకీ తగ్గదు. "పార్ట్ ప్రీపేమెంట్" అని ఎంచుకోండి, కొత్త రీపేమెంట్ షెడ్యూల్ తీసుకుని బాకీ తగ్గిందో లేదో చూసుకోండి. ఛార్జీ కూడా ముందే అడగండి. వ్యక్తులు వ్యాపారం కాని అవసరాలకు తీసుకునే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో వడ్డీ రేటు మారే) లోన్ల మీద ముందస్తు చెల్లింపు ఛార్జీ ఉండకూడదు, కానీ పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్, అంటే రేటు మారనివి. వాటికి ఒప్పందంలో రాసిందే వర్తిస్తుంది. 4 శాతం, దాని మీద జీఎస్టీ అనుకుంటే లక్షకు 4,720. అది పోయినా 56 వేలు మిగులుతాయి. కొన్నిచోట్ల మొదటి కొన్ని నెలలు ఇలా ముందస్తుగా కట్టనివ్వరు, ఆ లాక్-ఇన్ ఎంతో చూసుకోండి.

వేరే బ్యాంకుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడూ ఇదే లెక్క: పాత చోట ఫోర్‌క్లోజర్ (లోన్ ముందే మూసేసే) ఛార్జీ, కొత్త చోట ప్రాసెసింగ్ ఫీజు, రెండూ కలిపి ఆదా అయ్యే వడ్డీ కంటే తక్కువైతేనే మారండి. కొత్త గడువు మళ్లీ 60 నెలలు పెట్టుకోకండి, పాత బాకీకి ఎన్ని నెలలు మిగిలాయో అన్నే పెట్టించుకోండి. అసలు లోన్‌కి వెళ్లే ముందు ఇంట్లో ఎఫ్‌డీగానీ ఎల్‌ఐసీ పాలసీగానీ ఉంటే దాని మీద అప్పు ఎంతకి వస్తుందో అడగండి. మామూలుగా పర్సనల్ లోన్ కంటే చౌకగానే వస్తుంది.

లోన్ తీరాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, నాచ్ మాండేట్ (ఖాతా నుంచి ఈఎంఐ దానంతటదే కట్ అయ్యేలా మీరిచ్చిన అనుమతి) రద్దు చేయించండి, ఒకట్రెండు నెలలకు క్రెడిట్ రిపోర్ట్‌లో ఆ ఖాతా "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హై మార్క్, ఈ నాలుగు క్రెడిట్ రిపోర్ట్ సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి.