ధ్యాస లేదనే ముందు కళ్ళు చూపించండి
(ఒక ప్రత్యేక పాఠశాల వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లిదండ్రులకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, ఏమనుకోవద్దు. శాలువా చివర్లో కప్పండి, ఉక్కపోతగా ఉంది.

మేధో వైకల్యం ఉన్న పిల్లలు దేన్ని చూస్తారు, దేన్ని వదిలేస్తారు అన్నది నా టాపిక్. 1963లో అమెరికాలో డేవిడ్ జీమన్, బెట్టీ హౌస్ అనే సైకాలజిస్టులు దీని మీద ఒక సంగతి తేల్చారు. పిల్లల ముందు రెండు వస్తువులు పెట్టేవారు. రంగు వేరు, ఆకారం వేరు. సరైనది ఎత్తితే కింద మిఠాయి. పిల్లలు చాలాసేపు తోచినట్టు ఎత్తేవారు. సగం ఒప్పు, సగం తప్పు. ఇక వీళ్ళకు రాదులే అనుకునేసరికి ఒక్కసారిగా అందుకునేవారు. తెలివి పరీక్షలో ఎక్కువ వచ్చినవాళ్ళయినా తక్కువ వచ్చినవాళ్ళయినా, కిటుకు దొరికాక దాదాపు ఒకే వేగం. ఆలస్యమంతా ఎక్కడంటే, చూడాల్సింది రంగునా ఆకారాన్నా అని పట్టుకోవడంలో.

ఈ మాట చెప్పి అరవై ఏళ్ళు దాటింది. మన వర్క్‌షీట్లు చూడండి! లెక్కపెట్టాల్సింది మామిడిపండ్లు. చుట్టూ పూల బోర్డరు, పైన నవ్వే సూర్యుడు, మూలన సీతాకోకచిలుక. నా క్లాసులో డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువున్న ఒక అబ్బాయి వేలు నేరుగా సీతాకోకచిలుక మీదికే పోయేది. తెల్లకాగితంతో మిగతాదంతా మూసేసి పండ్లు మాత్రం వదిలాను. కాగితం దాదాపు ముక్కుకి ఆనించుకుని చూసి, మూడు వేళ్ళు చూపించాడు.

ముక్కుకి ఆనించుకుని! రంగుల గురించి ఇంకా చెబుదామని రాసుకొచ్చాను గానీ, అది పక్కన పెడతాను. వాళ్ళమ్మతో కలిసి కంటి ఆసుపత్రికి వెళ్ళాను. "అక్షరాలు రావు కదమ్మా, ఏం టెస్ట్ చేస్తాం?" అని రెండు నిమిషాల్లో పంపేశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. రెటినోస్కోప్ అని చిన్న పరికరం ఉంది. కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును బట్టి డాక్టరే పవర్ తేలుస్తారు. పిల్లాడు నోరు తెరవక్కర్లేదు. ఇల్లు, ఆపిల్ బొమ్మల చార్టులున్నాయి. చేతిలో బొమ్మల కార్డు పెట్టి, చార్టులో ఉన్న బొమ్మ అందులో ఎక్కడుందో చూపించమంటే చాలు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి దగ్గరి వస్తువు మీద చూపు సరిగ్గా కుదరదనీ, పైన దూరానికి, కింద దగ్గరికి వేరు పవర్ ఉండే బైఫోకల్ అద్దాలు పనికొస్తాయనీ బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీలో మ్యాగీ వుడ్‌హౌస్ బృందం ఎప్పుడో చూపించింది. మావాడికి ఇంకోచోట ఆ అద్దాలే రాశారు. పెట్టుకున్న రోజు పలక ముట్టలేదు, తన అరచేతి గీతలే చూసుకుంటూ కూర్చున్నాడు.

మీ పిల్లలకు కంటి పరీక్ష చేయించినవాళ్ళు చెయ్యెత్తండి. (కొన్ని చేతులు లేచాయి.) ఇంతేనా? ధ్యాస లేదని డైరీలో రాసిన టీచర్లూ, మీరూ ఎత్తండమ్మా, మీరు చూపించమన్నారా?

గంట కొట్టారు, వినబడింది. ఒక్క మాట. ఆసుపత్రుల్లో మన పిల్లలకు చికిత్సలో ప్రాధాన్యం ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఎవరైనా పరీక్ష కుదరదంటే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసిస్తే ఆ కాగితం నాకు తెచ్చివ్వండి, బుధవారాలు ఇక్కడే ఉంటాను. రాయకపోతే ఏ ఆసుపత్రో చెప్పండి, కలిసే వెళ్దాం.