ఏడు నెలలు వాడాక రిఫ్లక్స్ స్టిల్ రివ్యూ: కాలమ్ అద్భుతం, నీళ్ళ వాల్వు దండగ

అందరికీ నమస్కారమండీ. వెనకాల గుడగుడమని చప్పుడు వినిపిస్తోందా? అది బాయిలర్ మరుగుతున్న చప్పుడు. పొద్దున తొమ్మిదికి స్విచ్ వేశాను, ఇప్పుడు పదిన్నర అయింది. ఈ వీడియో అయ్యేదాకా ఇది నడుస్తూనే ఉంటుంది, నేనూ దీని పక్కనుంచి కదలను. మధ్యమధ్యలో మాట ఆపి థర్మామీటరు వైపు చూస్తుంటాను, ఏమీ అనుకోకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ రిఫ్లక్స్ స్టిల్, అంటే పులియబెట్టిన దాన్ని కాచి శుద్ధమైన స్పిరిట్ తీసే యంత్రం, నాకు ఇక్కడి ఒక హోంబ్రూ షాపువాళ్ళు (ఇంట్లో మద్యం చేసుకునే సామాను అమ్మేవాళ్ళు) ఉచితంగా పంపారు. ఏం చెప్పాలో వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడు నెలల్లో పద్దెనిమిది సార్లు నడిపాను. బాయిలర్ ఎన్ని లీటర్లు, హీటర్ ఎన్ని వాట్లు లాంటివన్నీ వేరే వీడియోల్లో చూసే ఉంటారు. 25 లీటర్లు, 2 కిలోవాట్లు, అంతే. వాటి మీద టైమ్ పెట్టను.

ఇంకో మాట, ఇది తప్పకుండా వినాలి. నేనుండేది న్యూజిలాండ్‌లో, సౌత్ ఆక్లాండ్‌లో. ఇక్కడ సొంత వాడకానికి ఇంట్లో స్పిరిట్ తీసుకోవడానికి 1996 నుంచి చట్టం ఒప్పుకుంటుంది. ఒక్క సీసా అమ్మినా లైసెన్సు కావాలి. మన తెలుగు రాష్ట్రాల్లో ఇది నేరం. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళు కూడా లైసెన్సు లేకుండా చెయ్యకూడదు. మిగతా దేశాలవాళ్ళు ముందు మీ చట్టం చూసుకోండి. "అన్నా, మా ఊళ్ళో తెలీకుండా పెట్టుకోవచ్చా" అని అడగొద్దు, వద్దనే చెప్తాను.

సరే, కాలమ్ దగ్గరకొద్దాం. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇదిగో ఈ నిలువు స్టీలు గొట్టం, లోపల రాగి జాలీ చుట్టలూ సిరామిక్ ముక్కలూ కుక్కి ఉన్నాయి. పైన ఆవిరిని చల్లబరిచే కండెన్సర్, అందులో చన్నీళ్ళు తిరుగుతుంటాయి. కింద మరిగిన ఆవిరి పైకొచ్చి, చల్లబడి, ద్రవమై మళ్ళీ కిందకే జారుతుంది, రిఫ్లక్స్ అంటే ఇదే. జారేటప్పుడు పైకొస్తున్న వేడి ఆవిరి దానికి ఎదురవుతుంది. ఆ ఎదురుపడటంలోనే అసలు పనంతా ఉంది. ఆవిరిలోని నీటి భాగం ద్రవమై కిందకి పోతుంది, ద్రవంలోని ఆల్కహాల్ ఆవిరై పైకి లేస్తుంది. ఆ జాలీ మీద, ఆ ముక్కల మీద ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. మామూలు కుండ స్టిల్‌లో నాలుగైదు సార్లు కాస్తే వచ్చే శుద్ధి ఇక్కడ ఒక్క కాపులో వస్తుంది. ఆల్కహాల్ 90 శాతం దాటేస్తుంది. ఎంత పెద్ద కాలమ్ పెట్టినా 97 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ నీళ్ళూ ఆల్కహాలూ విడదీయలేనంతగా కలిసిపోయి ఒకేలా మరుగుతాయి.

ఈ కాలమ్ ఆలోచన పాతదే. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐర్లండ్ ఆయన నిరంతరంగా నడిచే కాలమ్ స్టిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన అంతకుముందు చేసిన ఉద్యోగం ఏంటో తెలుసా? ఎక్సైజ్ శాఖలో. బట్టీలు పట్టుకునే మనిషే బట్టీ రాతని మార్చేశాడు. నాకు ఈ సంగతంటే చాలా ఇష్టం.

ఇప్పుడు కాలమ్ పైనున్న టాప్ థర్మామీటరు చూడండి. 78.4 డిగ్రీలు. అరగంట నుంచి అక్కడే ఉంది, కదల్లేదు. ఇప్పటిదాకా ఒక్క చుక్క కూడా బయటికి తియ్యలేదు. వచ్చిందంతా మళ్ళీ కాలమ్‌లోకే పంపుతున్నాను. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. బాయిలర్ మరిగింది కదా అని వెంటనే పట్టేస్తారు. కాలమ్‌ని కుదుటపడనివ్వాలి. తేలికగా ఎగిరిపోయేవన్నీ పైకి చేరి వరసలో నిలబడతాయి. అప్పుడు మొదట పారబోయాల్సింది కొంచెంలోనే అయిపోతుంది. ఇంకోటి, మీ థర్మామీటరు 78.2 చూపించాలని పట్టుబట్టకండి. ఒక్కో థర్మామీటరు ఒక్కోలా చూపిస్తుంది, ఆ రోజు వాతావరణ పీడనం బట్టి కూడా మారుతుంది. అంకె ఎంతన్నది కాదండీ, అది కదలకుండా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆ కదలకుండా ఉండటమే నన్ను మూడు నెలలు ఏడిపించింది. ఇప్పుడు వాల్వు గురించి చెప్తాను. ఓపికగా వినండి, ఈ వీడియో చేసిందే దీనికోసం.

ఇదిగో, డబ్బాలో దీంతోపాటు వచ్చిన వాల్వు. ప్లాస్టిక్. తిప్పితే పావు వంతు తిరుగుతుంది, అంతే. మూసిన దగ్గర్నుంచి పూర్తిగా తెరిచేదాకా పావు వంతు. ఈ డిజైన్‌లో పైనున్న కండెన్సర్‌కి ఎన్ని నీళ్ళు వెళ్తాయన్న దాన్ని బట్టే ఎంత ఆవిరి వెనక్కి పోవాలి, ఎంత బయటికి రావాలి అన్నది తేలుతుంది. నీళ్ళు కొంచెం ఎక్కువైతే చుక్క రాదు. కొంచెం తగ్గితే ధార కడుతుంది, శుద్ధి పోతుంది. అంటే స్టిల్ మొత్తానికి స్టీరింగ్ ఈ వాల్వే. కాలమ్‌కి అంత మంచి స్టీలు పెట్టి, అంత నీటుగా వెల్డింగు చేసి, స్టీరింగ్ మాత్రం తోటలో మొక్కల పైపుకి పెట్టే ముక్క ఇచ్చారు. నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

డబ్బాలో వచ్చిన సూచనల పేపర్లో ఏం రాశారంటే, కండెన్సర్ నుంచి బయటికొచ్చే నీళ్ళు 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంచండి అని. సరే. మొదటిసారి నడిపినప్పుడు గోరంత తిప్పితే 48, ఇంకో గోరంత తిప్పితే 71. మధ్యలో ఆగదు. నలభై నిమిషాలు కుస్తీ పట్టి 57 దగ్గర నిలబెట్టాను. హమ్మయ్య అనుకుని కూర్చున్నానో లేదో మా ఆవిడ లోపల షవర్ తిప్పింది. గరాజ్ కుళాయిలో ప్రెషర్ పడిపోయింది. నీళ్ళు 57 నుంచి 69, టాప్ 78.4 నుంచి 81. పట్టిన సీసా మొత్తం వాసనొచ్చింది. ఆవిడ తప్పేం లేదు, ఇంట్లో మనుషులు స్నానం చెయ్యరా? వాషింగ్ మిషన్ తిరగదా? కుళాయి ప్రెషర్ రోజంతా మారుతూనే ఉంటుంది. ఇళ్ళల్లో వాడుకోమని అమ్మే వస్తువుకి ఈ సంగతి తెలిసుండాలి కదండీ.

ఐదోసారి ఇంకా పెద్దది జరిగింది. ఇది చెప్పాలా వద్దా అనుకున్నాను గానీ, మీలో కొందరు ఇది కొంటారు కాబట్టి చెప్పాలి. ఆ ప్లాస్టిక్ వాల్వుకి సిలికాన్ గొట్టం ఊరికే దూర్చి పెట్టేలా ఉంటుంది, క్లిప్పు ఇవ్వలేదు. షవర్ ఆపినప్పుడు ప్రెషర్ ఒక్కసారి పెరిగి గొట్టం ఊడిపోయింది. నీళ్ళు నేల మీద పోతున్నాయి, కండెన్సర్‌కి వెళ్ళట్లేదు. నిమిషంలోపే బయటి గొట్టం నుంచి ద్రవం ఆగిపోయి ఆవిరి రావడం మొదలైంది. ఆల్కహాల్ ఆవిరి, దగ్గర్లో ఏ నిప్పురవ్వ ఉన్నా అంటుకుంటుంది. నేను ముందు చేసిందల్లా గోడ స్విచ్ ఆపెయ్యడం. తర్వాత గరాజ్ తలుపు ఎత్తేశాను. గొట్టం జోలికి పోలేదు. ఇరవై నిమిషాలు బయట నిలబడి, అంతా చల్లారాకే లోపలికి వెళ్ళాను.

ఆ రోజు స్విచ్ నాకు స్టిల్‌కి ఎదురు గోడకి ఉంది కాబట్టి సరిపోయింది. స్టిల్ వెనకాల ఉంటే ఆవిరిలో చెయ్యి పెట్టాల్సొచ్చేది. అందుకే చెప్తున్నా, స్విచ్ దూరంగా ఉండాలి. గాలి ఆడాలి. పొయ్యి గానీ గ్యాస్ హీటరు గానీ ఆ గదిలో ఉండకూడదు. పొడి మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. బయటికొచ్చే గొట్టం చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి, దేనితోనూ మూయకూడదు. స్టిల్ నడుస్తుండగా షాపుకి వెళ్ళొస్తాను అనేవాళ్ళు దయచేసి ఇది కొనకండి.

నేను చేసిన మార్పు ఇదిగో. ఇది ఇత్తడి నీడిల్ వాల్వు. హార్డ్‌వేర్ షాపులో దొరికింది. మూసిన దగ్గర్నుంచి పూర్తిగా తెరవడానికి చాలా చుట్లు తిప్పాలి, అంటే ఒక్కో డిగ్రీ మీ వేళ్ళకి తెలుస్తుంది. చూడండి, ఇప్పుడు ఇంత తిప్పాను... 57... 58. ఆగింది. చూశారా? అసలు మొదటి రోజే ఇది డబ్బాలో ఉండాల్సింది. ప్రతి గొట్టానికీ స్టీలు క్లిప్పు బిగించాను.

కుళాయి కూడా మానేశాను. ఆ మూలన 200 లీటర్ల నీలం డ్రమ్ము, అందులో చిన్న పంపు. 2020 కరువులో ఆక్లాండ్‌లో నీళ్ళ మీద ఆంక్షలు పెట్టారు, ఆ తర్వాత గంటకి నలభై లీటర్లకి పైగా మంచినీళ్ళు కాలవలోకి వదిలెయ్యడం నాకు మనసొప్పదు. డ్రమ్ములో ప్రెషర్ మారదు, షవర్ గొడవ లేదు. ఒక్కటే చిక్కు, నీళ్ళు తిరిగి అదే డ్రమ్ములోకొస్తాయి కాబట్టి మెల్లగా వేడెక్కుతాయి. పొద్దున 18 డిగ్రీలుంటే చివరికి 40 దగ్గరకొస్తుంది. కాబట్టి గంటకోసారి వాల్వు కాస్త కాస్త తెరుస్తూ పోవాలి. రెండు లీటర్ల సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి డ్రమ్ములో వేస్తే ఇంకా బాగా ఆగుతుంది.

ఈ రెండు మార్పుల తర్వాత స్టిల్ స్వభావమే మారిపోయింది. దీన్ని ముట్టుకోకుండా ఉండటం నేర్చుకున్నాను. వాల్వు తిప్పాక పది నిమిషాలు ఆగాలి, అప్పుడే కాలమ్ జవాబు చెప్తుంది. అంతకుముందు ప్రతి నిమిషం తిప్పేవాణ్ణి, కాలమ్ పాపం నా వెనకాల పరిగెత్తేది.

ఇప్పుడు పట్టడం మొదలుపెడదాం. మొదటి వంద మిల్లీలీటర్లు ఈ చిన్న సీసాలోకి. ఇది తాగడానికి కాదు. ఇదిగో, గోళ్ళరంగు తుడిచే మందు వాసన. పారబోస్తాను. చాలామందికి మిథనాల్ భయం ఉంటుంది. పంచదారతో పులియబెట్టినప్పుడు మిథనాల్ దాదాపు పుట్టదు, పండ్ల తొక్కల్లోని పెక్టిన్ నుంచి కొంచెం వస్తుంది. కల్తీసారా చావుల్లో చాలావాటికి కారణం ఎవరో ఫ్యాక్టరీ మిథనాల్ కలపడం. కానీ ఎవరైనా మిథనాల్ కలిపిన సరుకుని మళ్ళీ కాచి శుద్ధి చేద్దాం అనుకుంటే, మొదటి వంద మిల్లీలీటర్లు పారబోసినా అది పోదు. అది గుర్తుంచుకోండి.

కట్ చేసి మళ్ళీ ఆన్ చేశాను. ఒంటిగంటంపావు. 250 మిల్లీలీటర్ల గాజు సీసాల్లో వరసగా పడుతున్నాను, ప్రతిదానికీ నంబరు. ప్లాస్టిక్ వద్దు. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది వాసన చూడండి... ఏ వాసనా లేదు, చల్లగా ఆరిపోయింది. ఆల్కహాల్ మీటరు 93 చూపిస్తోంది. మీటరు 20 డిగ్రీలకి లెక్కగట్టి ఉంటుంది, సీసా గోరువెచ్చగా ఉంటే తప్పు చూపిస్తుంది, చల్లారాక చూడండి. ఈసారి 5 కిలోల పంచదారతో 25 లీటర్లు పులియబెట్టాను, 12 శాతానికి దగ్గర వచ్చింది. 6, 7 కిలోలు వేస్తే ఎక్కువొస్తుంది గానీ ఈస్టు కష్టపడుతుంది, ఆ కష్టం వాసనలో తెలుస్తుంది. రెండున్నర లీటర్లు మంచిది వస్తుంది. 40 శాతానికి దించితే 5.8 లీటర్లు.

నా పాత స్టిల్ రాగిది, పోర్చుగల్ నుంచి తెప్పించుకున్న ఉల్లిపాయ ఆకారంలోది. చూడ్డానికి దీనికంటే వంద రెట్లు అందం. దాంట్లో రుచి నిలబడుతుంది, దీంట్లో రుచి మొత్తం పోతుంది. ద్రాక్షతో చేస్తే, మొలాసిస్‌తో చేస్తే పాతదే మేలు. శుభ్రమైన వాసన లేని స్పిరిట్ కావాలి, అందులో నిమ్మతొక్కో జునిపెర్ గింజలో నానబెట్టుకోవాలి అంటే ఇదే.

మాది అనకాపల్లి పక్క పల్లె. బెల్లం మాకు ఊపిరి. చిన్నప్పుడు ఎక్సైజ్‌వాళ్ళు తోటలోకొచ్చి బెల్లం ఊట డ్రములు తన్ని పారబోసేవాళ్ళు, ఆ పులిసిన వాసన రెండు రోజులు ఊళ్ళో ఉండేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, అది రాష్ట్రమంతా పాకింది. మా ఊళ్ళో సారాకొట్టు ముందు కూర్చున్నవాళ్ళలో మా నాయనమ్మ ఉంది. ఏ ఇంట్లో కూలిడబ్బులు కొట్లోకి పోయేవో ఆవిడకి పేరుపేరునా తెలుసు. ఆవిడ మనవణ్ణి నేను. అందుకే ఈ సీసా ఏదీ ఎవరికీ అమ్మను, డ్రైవ్ చేసి వచ్చినవాళ్ళకి పొయ్యను, మా ఇంట్లో నెలకి ఒక సీసా దాటదు. ఆవిడ ఉంటే నన్ను ఏమనేదో నాకు తెలుసు, ఆ మాట నేను మనసులో పెట్టుకునే నడుపుతాను.

కొనాలా? కాలమ్ కోసమైతే నిస్సందేహంగా కొనండి. ఇంత ధరలో ఇంత నిలకడగా 93 ఇచ్చే గొట్టం నేను చూడలేదు. కానీ అదే రోజు నీడిల్ వాల్వూ అరడజను స్టీలు క్లిప్పులూ కొనకుండా స్విచ్ వెయ్యొద్దు. కంపెనీ వాల్వు మార్చేదాకా నేను దీనికి పదికి ఆరే ఇస్తాను. మారిస్తే తొమ్మిది. షాపువాళ్ళకి ఈ మాట ముందే చెప్పాను.

ఆగండి... 78.4 కాస్తా 79.1 అయింది. ఇప్పుడు పన్నెండో సీసా. వాసన చూస్తా. ఆఁ, తడిసిన అట్టపెట్టె వాసన మొదలైంది, అంటే మంచిది అయిపోయినట్టే. ఇది పక్కన పెడుతున్నా. 80... స్విచ్ ఆపేస్తున్నాను. నీళ్ళు మాత్రం ఇంకో పదిహేను నిమిషాలు తిరగాలి.